దొంగ నోటు పట్టుకోవడం, పాడైన నోటు వదిలించుకోవడం: గల్లాపెట్టె దగ్గర కూర్చునేవారి కోసం

దొంగ నోటు నష్టం ఎప్పుడూ చివరిగా ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే. ఇచ్చినవాడు వెళ్లిపోతాడు. బ్యాంకు నోటు తీసేసుకుంటుంది, బదులుగా పైసా ఇవ్వదు. కాబట్టి నోటును చూడాల్సిన సమయం ఒక్కటే, ఎదుటి మనిషి ఇంకా కౌంటర్ ముందు నిలబడి ఉన్నప్పుడు. రాత్రి లెక్క కట్టేటప్పుడు అనుమానం వచ్చినా ఆ డబ్బు ఇక వెనక్కి రాదు.

దీనికి ముడిపడిన పని ఇంకొకటి ఉంది. మాసిన, నలిగిన, టేపు అంటించిన నోట్లను మళ్లీ చిల్లర కింద ఇవ్వకుండా బ్యాంకులో కట్టేయాలి. కొత్త నోటు మీద ఉబ్బెత్తు గీతలు గోటికి తగులుతాయి, పచ్చ గీత రంగు మారడం కనిపిస్తుంది. అదే నోటు చెమటకూ నూనెకూ మెత్తబడితే ఆ గుర్తులన్నీ మొద్దుబారతాయి. మాసిన నోట్లు ఎక్కువగా తిరిగే సంతలో, కూరగాయల మార్కెట్లో దొంగ నోటు సులువుగా కలిసిపోవడానికి కారణం ఇదే. రిజర్వ్ బ్యాంకు చట్టం 1934లోని 27వ సెక్షన్ ప్రకారం చినిగిన, బాగా మాసిన నోట్లను రిజర్వ్ బ్యాంకు మళ్లీ జారీ చేయకూడదు. కానీ అసలు ఆ నోటు బ్యాంకు దాకా రావాలి కదా.

2024-25లో బ్యాంకుల్లో పట్టుబడిన దొంగ నోట్లు సుమారు 2.17 లక్షలు. వాటిలో దాదాపు 1.18 లక్షలు 500 నోట్లే. 200 నోట్లు 32 వేలకు పైగా ఉన్నాయి. కాబట్టి ముందు 500 నోటును బాగా నేర్చుకోవాలి. అది చేతికి అలవాటైతే మిగతావి వాటంతటవే వస్తాయి.

500 నోటు: వేలు, వంపు, వెలుతురు

ఇప్పుడు చెలామణిలో ఉన్న 500 నోటు బూడిద రంగులో, 150 మిల్లీమీటర్ల పొడవు, 66 మిల్లీమీటర్ల వెడల్పుతో ఉంటుంది. వెనక ఎర్రకోట బొమ్మ. దీన్ని పరీక్షించడానికి ఐదారు సెకన్లు చాలు, వరుస తప్పకుండా చేస్తే.

మొదట వేలు. గాంధీ బొమ్మ ఉన్న వైపు పైకి పెట్టి, ఎడమ అంచు మీద బొటనవేలి గోటిని పైనుంచి కిందికి లాగండి. అక్కడ ఐదు చిన్న గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి, కుడి అంచున కూడా ఐదు. గోరు గరగరా ఆగుతూ పోవాలి. తర్వాత గాంధీ బొమ్మ మీద, కుడివైపు అశోక స్తంభం మీద, ఆ పక్కనున్న గుండ్రటి గుర్తు మీద వేలు పెట్టండి. ఇవన్నీ ఉబ్బెత్తు అచ్చే. కలర్ ప్రింటర్‌లో తీసిన నోటు అంతా ఒకే నున్నగా ఉంటుంది. కాగితం కూడా తేడా తెలుస్తుంది. అసలు నోటు పత్తితో చేసిన కాగితం, నలిపితే పెళుసుగా చప్పుడు చేస్తుంది. మామూలు కాగితం మెత్తగా మడతపడుతుంది, మడతపడిన చోట రంగు రాలి తెల్లగా కనిపిస్తుంది.

తర్వాత వంపు. గాంధీ బొమ్మకు కుడిపక్క నిలువుగా మెరిసే గీత ఉంటుంది, దాని మీద హిందీలో ‘భారత్’ అనీ, ఇంగ్లిష్‌లో ఆర్‌బీఐ అనీ అక్షరాలు ఉంటాయి. నోటును ముందుకూ వెనక్కూ వంచితే ఆ గీత పచ్చ నుంచి నీలానికి మారాలి. కింద కుడివైపు రూపాయి గుర్తుతో ఉన్న పెద్ద 500 అంకె కూడా అలాగే పచ్చ నుంచి నీలానికి మారుతుంది. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. దొంగ నోటులో పచ్చటి తళుకు కాగితం అంటిస్తారు, లేదా మెరుపు సిరా పూస్తారు. అది మెరుస్తుంది, కానీ ఎంత వంచినా పచ్చగానే ఉంటుంది. మెరుస్తోందా అని కాదు, నీలం అవుతోందా అని చూడండి. ట్యూబ్‌లైట్ నేరుగా పైన ఉంటే రంగు మారడం సరిగా తెలియదు. కౌంటర్ మీద చిన్న బల్బు ఒకటి పక్కవాటుగా పెట్టుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

చివరగా వెలుతురు. నోటును దీపానికి ఎదురుగా ఎత్తి పట్టుకోండి. కుడివైపు ఖాళీ జాగాలో గాంధీ ముఖం, పక్కన 500 అంకె నీటిగుర్తుగా కనిపించాలి. అసలు నీటిగుర్తులో వెలుగునీడలు ఉంటాయి: కొన్నిచోట్ల లేతగా, కొన్నిచోట్ల ముదురుగా, మధ్యలో మెల్లగా కలిసిపోతూ. నకిలీలో అది లేత బూడిద రంగుతో అచ్చేసిన బొమ్మ. దీపం లేకుండా బల్ల మీద పెట్టినా కనిపిస్తోందంటే అనుమానించాల్సిందే. ఇందాకటి మెరిసే గీత నిజానికి కాగితంలో పొదిగిన దారం, దాన్నీ చూడండి. బల్ల మీద ఉన్నప్పుడు ముక్కలు ముక్కలుగా కనిపించే గీత, వెలుతురులో ఒకే గీతగా కలవాలి. కొన్ని నకిలీలు రెండు పల్చటి కాగితాల మధ్య తళుకు ముక్క పెట్టి అంటించినవి. వాటి మూల గోటితో గీకితే పొరలు విడిపోతాయి. ఎడమవైపు సగం సగం గీసినట్టున్న 500 అంకె కూడా వెలుతురులో ముందు వెనకల ముక్కలు కలిసి పూర్తి అంకె కావాలి. నకిలీలో ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉంటుంది.

ఈ మూడూ సరిపోతే నోటు తీసుకోవచ్చు. ఏ ఒక్కటి తేడా ఉన్నా నంబరు చూడండి. పైన ఎడమవైపు, కింద కుడివైపు ఉన్న నంబర్లు రెండూ ఒకటే కావాలి, అంకెలు ఎడమ నుంచి కుడికి పోయేకొద్దీ పెద్దవి కావాలి. ఒకే మనిషి నాలుగైదు 500లు ఇస్తే నంబర్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే నంబరు రెండు నోట్ల మీద కనిపిస్తే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

తెలుగువాళ్లకు ఇంకో సులువైన పరీక్ష ఉంది. నోటు వెనక భాషల పట్టీలో పదిహేను వరుసలు ఉంటాయి. కింద నుంచి రెండోది తెలుగు, దాని కింద ఉర్దూ. మన అక్షరాల వంపులు, తలకట్లు సన్నటివి కాబట్టి స్కాన్ చేసి తీసిన అచ్చులో అవి ముద్దకడతాయి. రోజూ చదివే లిపి గనక ఆ తేడా మన కంటికి త్వరగా ఆనుతుంది. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఉంటే ముందు వైపున్న గుండ్రటి గుర్తును చూడండి. అందులో చిన్న చిన్న 500 అంకెలు చదవడానికి వస్తాయి. ప్రింటర్ నోటులో అక్కడ రంగు చుక్కలే ఉంటాయి.

200 నోటు పసుపు, వెనక సాంచీ స్తూపం. అంచున నాలుగు గీతలు, వాటి మధ్య రెండు చిన్న వృత్తాలు, కుడివైపు ఇంగ్లిష్ హెచ్ ఆకారం. దారం, 200 అంకె రెండూ రంగు మారతాయి. 100 నోటు లావెండర్ రంగు, వెనక రాణీ కీ వావ్. నాలుగు గీతలు, త్రిభుజం గుర్తు. ఇందులో దారం ఒక్కటే రంగు మారుతుంది, అంకె మారదు. ఇది తెలియక మంచి 100 నోట్లను వెనక్కి ఇచ్చేవాళ్లున్నారు.

ఏది నమ్మకూడదు, ఏది చూసి భయపడకూడదు

నీలి దీపం (యూవీ ల్యాంప్) ఒక్కదాన్నే నమ్ముకున్న కొట్లు చాలా ఉన్నాయి. సూత్రం సరైనదే. అసలు నోటు కాగితం ఆ దీపం కింద మసకగా ఉంటుంది, నంబర్లు వెలుగుతాయి. మామూలు తెల్ల కాగితం మొత్తం నీలంగా వెలిగిపోతుంది. కానీ జేబులో మర్చిపోయి సబ్బు పొడితో ఉతికిన అసలు నోటు కూడా అలాగే వెలుగుతుంది. దీపం అనుమానం రేపడానికి పనికొస్తుంది, తీర్పు మాత్రం వేలూ వంపూ చెప్పాలి. చవకరకం లెక్కింపు మిషన్లు చాలావరకు లెక్కపెట్టడమే చేస్తాయి. కొనేటప్పుడు దొంగ నోటు పట్టే సెన్సర్లు ఏవేవి ఉన్నాయో, కొత్త నోటు వస్తే అప్‌డేట్ ఎవరు చేస్తారో అడిగి తీసుకోండి.

రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన ‘మణి’ యాప్ చూపులేనివారికి ఆ నోటు ఎంతదో చెప్పడానికి. నోటు అసలుదా, నకిలీదా అన్నది అది చెప్పదు. ఫోన్ ‘ఐదు వందలు’ అని పలికిందంటే నోటు మంచిదని అర్థం కాదు.

నంబరు మధ్యలో నక్షత్రం గుర్తున్న నోటు దొంగది కాదు. అచ్చులో పాడైన నోటు స్థానంలో పెట్టిన నోటు అది. పచ్చ గీత గవర్నర్ సంతకానికి దగ్గరగా ఉంటే మంచిదనీ, గాంధీ బొమ్మకు దగ్గరగా ఉంటే దొంగదనీ ఏళ్లుగా తిరుగుతున్న వాట్సాప్ సందేశం అబద్ధం. రెండూ చెల్లుతాయి. 10 రూపాయల నాణేల సంగతీ అంతే. రూపాయి గుర్తు ఉన్నవీ లేనివీ, గీతలు పది ఉన్నవీ పదిహేను ఉన్నవీ అన్నీ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లోనే స్పష్టంగా చెప్పింది. అయినా మన ఊళ్లలో తీసుకోనివాళ్లు ఇంకా ఉన్నారు. ఆ మాట వాళ్లకు చెప్పాలి, మనమైనా కాదనకుండా తీసుకోవాలి.

2025 ఏప్రిల్‌లో కేంద్ర హోం శాఖ హెచ్చరించిన 500 నకిలీ మాత్రం గుర్తుపెట్టుకోవాలి. నాణ్యత బాగానే ఉన్నా, ‘రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా’ అనే ఇంగ్లిష్ వరుసలో ‘రిజర్వ్’ స్పెల్లింగ్ తప్పు, ఒక ‘ఈ’ ఉండాల్సిన చోట ‘ఏ’ పడింది. ఆ వరుస ఒకసారి చదవడానికి క్షణం పట్టదు.

అలవాటు గురించి ఒక మాట. పెద్ద నోటు ఇచ్చి చిన్న వస్తువు కొని చిల్లర కోసం తొందరపెట్టేవారు, నాలుగు మడతలు పెట్టిన నోటు అలాగే చేతిలో పెట్టేవారు, కట్ట మధ్యలో కలిపి ఇచ్చేవారు, పొద్దుపోయాక పెట్రోల్ బంకులో, జాతర రోజున రద్దీలో వచ్చేవారు: నకిలీ ఇలాంటప్పుడే చెల్లుతుంది. నోటు మడత విప్పి, చూసి, గల్లాపెట్టె మీద విడిగా పెట్టి, చిల్లర ఇచ్చాకే లోపల వేయండి. ఈ వరుస పాటిస్తే ‘నేనిచ్చింది ఇది కాదు’ అనే గొడవకూ చోటుండదు.

దొంగ నోటు బయటపడితే

ఇంకా తీసుకోకముందే అనుమానం వస్తే మర్యాదగా వెనక్కిచ్చి వేరే నోటు అడగండి. ఎదుటివాడు దొంగ అని అరవొద్దు, చాలాసార్లు అతనూ మోసపోయినవాడే. ఒకే మనిషి దగ్గర అలాంటివి ఎక్కువగా కనిపిస్తే మాత్రం 112కు ఫోన్ చేయండి.

మీ దగ్గర మిగిలిపోయాక తేలితే ఇంకొకరికి అంటగట్టకండి. తెలిసీ చెలామణి చేస్తే భారతీయ న్యాయ సంహిత 179వ సెక్షన్ కింద యావజ్జీవం, లేదా పదేళ్ల దాకా జైలు. చెలామణి చేసే ఉద్దేశంతో, తెలిసి దగ్గర ఉంచుకుంటే 180వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా. న్యాయమైన దారిలో మీ చేతికి వచ్చిందని చూపించగలిగితే ఆ సెక్షన్ కింద నేరం కాదని చట్టంలోనే వివరణ ఉంది. నోటును కవర్‌లో పెట్టి, ఎప్పుడు, ఎవరి నుంచి, ఏ బిల్లు మీద వచ్చిందో రాసి, బ్యాంకుకు తీసుకెళ్లండి.

కౌంటర్‌లో జరగాల్సింది ఇదీ. నోటు నకిలీ అని తేలితే దాని మీద ‘కౌంటర్‌ఫీట్’ ముద్ర వేస్తారు. ముద్ర 5 సెంటీమీటర్ల చదరం, అందులో బ్యాంకు, బ్రాంచి, సంతకం, తేదీ ఉంటాయి. రిజిస్టర్‌లో రాస్తారు. మీకు వరుస నంబరుతో రసీదు ఇవ్వాలి. మీరు సంతకం పెట్టకపోయినా ఇవ్వాల్సిందే. ఖాతాలో ఆ మొత్తం జమ కాదు. నోటును మీకు తిరిగి ఇవ్వకూడదు, బ్రాంచిలో చించేయకూడదు. ‘ఇది తీసుకెళ్లిపోండి సార్, ఎక్కడైనా మార్చుకోండి’ అని క్యాషియర్ మంచి మనసుతో అన్నా అది నియమానికి విరుద్ధం, ఆ నోటు మళ్లీ సంతలోకి పోతుంది. రసీదు అడిగి తీసుకోండి, రేపు ఎవరైనా ప్రశ్నిస్తే మీకున్న ఆధారం అదే.

ఒకే లావాదేవీలో నాలుగు నోట్ల వరకు ఉంటే బ్యాంకు నెలాఖరున అన్నిటినీ కలిపి పోలీసులకు నివేదిక పంపుతుంది, మిమ్మల్ని అక్కడికక్కడ స్టేషన్‌కు పిలవరు. ఐదు, అంతకంటే ఎక్కువ ఉంటే వెంటనే పోలీసులకు పంపి ఎఫ్‌ఐఆర్ పెట్టించాలి. పెద్ద మొత్తం కట్టడానికి వెళ్లే వ్యాపారులు కట్టలు ముందే విప్పి చూసుకోవాల్సింది ఇందుకే.

ఏటీఎం నుంచి అనుమానపు నోటు వస్తే అక్కడి నుంచి కదలకముందే నోటును ముందూ వెనకా కెమెరాకు చూపించండి. కాపలా మనిషి ఉంటే చెప్పండి. స్లిప్పు దాచుకుని, అదే రోజు ఆ బ్యాంకులో రాతపూర్వకంగా ఇవ్వండి. ఇల్లు చేరాక గుర్తిస్తే ఆ నోటు ఆ ఏటీఎందే అని నిరూపించడం చాలా కష్టం.

మాసిన, చినిగిన నోట్లు

బస్టాండ్ల దగ్గర కమీషన్ కోసుకుని చినిగిన నోట్లు మార్చేవాళ్లకు ఇవ్వాల్సిన అవసరం లేదు. మీకు ఖాతా లేకపోయినా ఏ బ్యాంకు బ్రాంచి అయినా మార్చాలి. స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులకు, పేమెంట్స్ బ్యాంకులకు మాత్రం అది వాటి ఇష్టం.

మాసిన నోట్లు రోజుకు 20 వరకు, మొత్తం 5,000 రూపాయలు దాటకుండా, కౌంటర్‌లో ఉచితంగా మార్చాలి. అంతకు మించితే రసీదు ఇచ్చి తర్వాత జమ చేస్తారు, చార్జీ పడొచ్చు. రెండు ముక్కలై, రెండూ అదే నోటువై, ఏమీ పోకుండా ఉంటే అది కూడా మాసిన నోటు కిందే లెక్క, పూర్తి విలువ వస్తుంది. పారదర్శకమైన టేపు సన్నగా అంటించండి, నంబర్లను కప్పేయకండి. పిన్ను కొట్టకండి.

ముక్క పోయిన నోటుకు 2009 నోట్ల వాపసు నియమాలు వర్తిస్తాయి. 20, అంతకంటే చిన్న నోట్లలో విడిపోని అతిపెద్ద ముక్క సగానికి మించి ఉంటే పూర్తి విలువ, లేకపోతే సున్నా. 50, ఆపై నోట్లలో 80 శాతం మించితే పూర్తి, 40 నుంచి 80 మధ్య సగం, 40 లోపు ఏమీ లేదు. 500 నోటు విస్తీర్ణం 99 చదరపు సెంటీమీటర్లు. పూర్తి విలువకు 80, సగానికి 40 కావాలి. స్కేలుతో ఇంట్లోనే చూసుకోవచ్చు. వెడల్పు పూర్తిగా ఉండి, పొడవులో 12.2 సెంటీమీటర్లు మిగిలితే పూర్తి, 6.1 మిగిలితే సగం. ఐదు ముక్కనోట్ల వరకు మామూలు బ్రాంచిలోనే తేల్చాలి. మొత్తం 5,000 దాటితే కరెన్సీ చెస్ట్ (రిజర్వ్ బ్యాంకు తరఫున నోట్లు నిల్వ ఉంచే ఖజానా) ఉన్న బ్రాంచికి వెళ్లాలి. కావాలని కోసిన నోట్లు, రాజకీయ నినాదాలు రాసిన నోట్లు తిరస్కరిస్తారు. బ్రాంచి మార్చనంటే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో తేలకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, వివరాలకు 14448.

కాలిపోయిన, చెద తిని అంటుకుపోయిన కట్టల్ని విడదీయకండి. బూడిదైన నోటుకు విలువ కట్టలేరు. ఉన్నదున్నట్టు గట్టి డబ్బాలో దూది మధ్య పెట్టి, హైదరాబాద్ సైఫాబాద్‌లోని రిజర్వ్ బ్యాంకుకు తీసుకెళ్లాలి. బ్రాంచిల్లో వాటిని తీసుకోరు.

ఉపసంహరణ వేరు, రద్దు వేరు

ప్రతి పుకారుకూ కట్టలు పట్టుకుని పరిగెత్తకుండా ఉండాలంటే ఈ తేడా తెలియాలి. నోటు చెల్లుబాటును రద్దు చేయాలంటే రిజర్వ్ బ్యాంకు చట్టం 26(2) కింద కేంద్రం గెజిట్ ప్రకటన ఇవ్వాలి. 2016 నవంబర్ 8న పాత 500, 1000 నోట్ల విషయంలో జరిగింది అది. ఉపసంహరణ అంటే నోటు చెల్లుతూనే ఉంటుంది, బ్యాంకులు వచ్చినదాన్ని మళ్లీ బయటికి ఇవ్వవు.

2005కు ముందు అచ్చయిన నోట్లను ఉపసంహరిస్తున్నట్టు 2014 జనవరిలో ప్రకటించింది దొంగ నోట్లను అడ్డుకోవడానికి. ఆ పాత నోట్లలో భద్రతా గుర్తులు తక్కువ. వెనక కింద అచ్చు సంవత్సరం లేకపోతే అది ఆ కాలపు నోటు. పాత 100 ఏదైనా దొరికితే వెనక సంవత్సరం చూడండి. 2005కు ముందు నోట్లను 2016 జూలై నుంచి రిజర్వ్ బ్యాంకు కార్యాలయాల్లోనే మారుస్తున్నారు.

పాత 500, 1000 ఇంకా బీరువాల్లో, విదేశాల నుంచి వచ్చినవాళ్ల సూట్‌కేసుల్లో కనిపిస్తుంటాయి. వాటికి విలువ లేదు. పైగా ఈ రద్దయిన నోట్ల మీద వచ్చిన 2017 చట్టం ప్రకారం పదికి మించి, సేకరణకో పరిశోధనకో అయితే 25కు మించి ఉంచుకుంటే 10,000 రూపాయలు లేదా ముఖవిలువకు ఐదు రెట్లు, ఏది ఎక్కువైతే అది జరిమానా. మార్చిపెడతామని చెప్పేవారు మోసగాళ్లే.

2000 నోటు అలా కాదు. 2023 మే 19న ఉపసంహరించారు, ఇప్పటికీ చెల్లుతుంది, 98 శాతానికి పైగా వెనక్కి వచ్చేశాయి. 2023 అక్టోబర్ 7 తర్వాత బ్యాంకులు తీసుకోవడం ఆపేశాయి. 19 రిజర్వ్ బ్యాంకు ఇష్యూ కార్యాలయాలే తీసుకుంటాయి. తెలుగు రాష్ట్రాలకు ఉన్నది హైదరాబాద్ ఒక్కటే. అక్కడ ఒకసారికి 20,000 వరకు నోట్లకు నోట్లు మార్చుకోవచ్చు, దేశంలోని ఏ బ్యాంకు ఖాతాలోనైనా జమ చేయించుకోవచ్చు. గుర్తింపు కార్డు తీసుకెళ్లండి. శ్రీకాకుళం నుంచో చిత్తూరు నుంచో అంత దూరం రాలేనివారు ఏ పోస్టాఫీసు నుంచైనా ఇన్సూర్డ్ పోస్టులో పంపొచ్చు. రిజర్వ్ బ్యాంకు దరఖాస్తు నింపి, గుర్తింపు కార్డు నకలు, ఖాతా వివరాలు జతచేయాలి. పంపే ముందు ప్రతి నోటు నంబరూ రాసుకోండి, ఫొటో తీసుకోండి, ముఖవిలువ మొత్తానికీ బీమా చేయించండి, పోస్టు రసీదును జమ పడేదాకా దాచండి. విదేశాల్లో ఉన్నవారు వచ్చేటప్పుడు భారత కరెన్సీ 25,000 రూపాయల వరకే వెంట తేవచ్చు. అంతకు మించి ఉంటే రెండు ప్రయాణాలకు పంచుకోవాలి.